జీపుకు వించ్ వైరింగ్ – మేము చేసిన తప్పు, నేర్చుకున్న పాఠం



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో డాక్టరు చదువు గురించి, ఇంజనీరింగ్ గురించి, గ్రూప్స్ పరీక్షల గురించి మన అన్నలు రాస్తూనే ఉన్నారు. చేతి పని గురించి రాసేవాళ్లు మాత్రం తక్కువ. మేము ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిని, పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో చేరి, ఆటో ఎలక్ట్రికల్ పనిలో స్థిరపడినవాళ్లం. మాకు తెలిసినది కరెంటు, బ్యాటరీ, బండి. అందుకే ఈసారి ఆ పనిలోనే ఒక ముఖ్యమైన విషయం, అంటే జీపు వంటి బండికి వించ్ ఎలా వైరింగ్ చేయాలో మీతో పంచుకుందామని కలం పట్టాము. పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన ప్రతి తమ్ముడికీ ఇది అర్థమవుతుంది.

వించ్ అంటే ఏమిటి?

బావిలో బొక్కెన తోడే గిలక మనందరికీ తెలుసు. చేత్తో తిప్పే ఇరుసుకు తాడు చుట్టుకుంటూ ఉంటే బొక్కెన పైకి వస్తుంది. వించ్ కూడా అంతే. బండి ముందు బంపర్‌కు ఒక డ్రమ్ము బిగించి ఉంటుంది. దానికి ఇనుప తాడు గానీ, ఈ మధ్య వచ్చిన సింథటిక్ తాడు గానీ చుట్టి ఉంటుంది. ఒక విద్యుత్ మోటారు పళ్ల చక్రాల ద్వారా ఆ డ్రమ్మును నెమ్మదిగా, చాలా బలంగా తిప్పుతుంది. బండి బురదలో దిగబడితే తాడు కొసనున్న కొక్కేన్ని ఎదురుగా ఉన్న గట్టి చెట్టుకు తగిలిస్తారు. బటన్ నొక్కితే బండి తనను తానే బయటకు లాక్కుంటుంది. చెట్టు పాడవకుండా చుట్టూ వెడల్పాటి పట్టీ వేసి, దానికే కొక్కెం తగిలించాలి.

అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన 1948లో, యుద్ధం తర్వాత మిగిలిన సైన్యపు జీపులకు విడిభాగాలు చేయడానికి ఒక కంపెనీ పెట్టారు. బండికి బిగించే విద్యుత్ వించ్‌ను ఆ కంపెనీ 1959లో తెచ్చింది. మన దేశంలో పాత మహీంద్రా జీపులకు, మారుతి జిప్సీలకు, ఇప్పుడు థార్ బండ్లకు వించ్‌లు బిగిస్తున్నారు. 2014 నుంచి గోవాలో వానాకాలంలో జరుగుతున్న రెయిన్ ఫారెస్ట్ ఛాలెంజ్ వంటి పోటీల్లో వించ్ లేనిదే బండి కదలదు. మన మన్యం దారుల్లో తిరిగేవాళ్లు కూడా కొందరు దీన్ని పెట్టించుకుంటారు.

ఎంత కరెంటు లాగుతుంది?

జీపులకు ఎక్కువగా వాడే వించ్ 9,500 పౌండ్లది. అంటే సుమారు 4,300 కిలోల బలంతో లాగగలదు. ఖాళీగా తిరుగుతున్నప్పుడు అది 60 నుంచి 80 ఆంపియర్లు తీసుకుంటుంది. పూర్తి బరువు పడినప్పుడు 400 ఆంపియర్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కూడా తీసుకుంటుంది.

400 ఆంపియర్లు అంటే ఎంతో ఊహించండి. 12 వోల్టులను 400తో గుణిస్తే 4,800 వాట్లు. మన హాస్టల్ గదుల్లో వెలిగే 40 వాట్ల ట్యూబులైట్లు 120 ఒకేసారి వెలిగించేంత శక్తి. అంత శక్తిని ఇంటి 230 వోల్టుల మీద తీసుకుంటే 21 ఆంపియర్లు చాలు. బండిలో ఉన్నది 12 వోల్టులే కాబట్టి ఆంపియర్లు అంతగా పెరుగుతాయి. ఈ ఒక్క విషయం మరిచిపోయి, హారన్ బిగించినట్టు, ఫాగ్ లైట్లు బిగించినట్టు వించ్ బిగిస్తే ప్రమాదం తప్పదు. మేము అదే చేశాము.

ఆ రోజు జరిగింది

అప్పటికి మేము పనిలో చేరి రెండేళ్లయింది. మన్యం వైపు తిరిగే ఒక పాత జీపు మా షెడ్డుకు వచ్చింది. సాయంత్రానికల్లా వించ్ బిగించి ఇవ్వాలన్నారు. మా మేస్త్రీ ఊళ్లో లేరు. ఆయన వచ్చేదాకా ఆగమని చెప్పడం మాకు నామోషీ అనిపించింది. పని మొదలుపెట్టాము.

పాజిటివ్‌కు షెడ్డులో మిగిలి ఉన్న 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ లాగాము. నెగటివ్‌కు కేబులే వేయలేదు. బండి బాడీ అంతా ఎర్తే కదా అని, వించ్ ఎర్త్ వైరును పెయింటు కూడా గీకకుండా బంపర్ బోల్టుకు బిగించేశాము. కట్-ఆఫ్ స్విచ్ పెట్టలేదు. ఖాళీగా తిప్పి చూస్తే చక్కగా తిరిగింది. మాకు చాలా సంతోషం వేసింది.

బరువు మీద చూద్దామని తాడును షెడ్డు ఎదుట ఉన్న చింతచెట్టుకు కట్టి, జీపు ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి బటన్ నొక్కాము. తాడు బిగుసుకుంది. వించ్ కంట్రోల్ బాక్సులో టకటకమని చప్పుడు మొదలైంది. అనుమానం వచ్చి బటన్ వదిలేశాము. వించ్ ఆగలేదు. హ్యాండ్‌సెట్ ప్లగ్గు పీకేశాము. అయినా ఆగలేదు. జీపు రాళ్లను తోసుకుంటూ చెట్టు వైపు జరుగుతోంది, కేబుల్ మీది రబ్బరు కరిగి పొగ వస్తోంది. మాలో ఒకరు బ్యాటరీ టెర్మినల్ ఊడదీయబోయారు. కంగారులో పానా పాజిటివ్‌కూ బాడీకీ ఒకేసారి తగిలింది. పెద్ద మెరుపు వచ్చింది. అరచెయ్యి కాలింది. మరొకరు ఎలాగో నెగటివ్ లాగేస్తే వించ్ ఆగింది.

ప్రాణం పోలేదు గానీ, ఆరు వారాలు ఆ చేతితో అన్నం తినడానికి లేకపోయింది. తినిపించింది మిగతా ఇద్దరమే. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మేస్త్రీ తిరిగొచ్చి కాలిపోయిన కేబుల్ చూసి, తిట్టలేదు. ఒక్కటే అడిగారు: "కరెంటు వెళ్లడానికి దారి వేశారు సరే, అది తిరిగి రావడానికి దారి ఎక్కడ వేశార్రా?"

లెక్క ఏం చెబుతోంది?

ఆ ప్రశ్నకు జవాబు మన పదో తరగతి పుస్తకంలోనే ఉంది. ఓమ్ నియమం ప్రకారం ఆంపియర్లను నిరోధంతో గుణిస్తే ఎన్ని వోల్టులు దారిలో పోతాయో తెలుస్తుంది. కేబుల్ నిరోధం కావాలంటే విశిష్ట నిరోధాన్ని పొడవుతో గుణించి, అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి. రాగికి మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం లెక్కన ఇది సుమారు 0.0175 ఓములు.

బ్యాటరీ నుంచి బంపర్ దాకా కేబుల్ 2 మీటర్లు అనుకుందాం. వెళ్లడానికి 2, తిరిగి రావడానికి 2, మొత్తం 4 మీటర్లు. 400 ఆంపియర్ల దగ్గర లెక్క ఇలా వస్తుంది:

16 చదరపు మి.మీ. కేబుల్: నిరోధం 0.0044 ఓములు, దారిలో పోయేది 1.75 వోల్టులు, వేడిగా మారేది 700 వాట్లు.
35 చదరపు మి.మీ. కేబుల్: నిరోధం 0.002 ఓములు, పోయేది 0.8 వోల్టు, వేడి 320 వాట్లు.
50 చదరపు మి.మీ. కేబుల్: నిరోధం 0.0014 ఓములు, పోయేది 0.56 వోల్టు, వేడి 224 వాట్లు.

కాబట్టి ఇలాంటి వించ్‌కు 35 చదరపు మి.మీ. కన్నా సన్నని కేబుల్ వాడకూడదు. 50 అయితే ఇంకా మేలు. బ్యాటరీ బండి వెనక భాగంలో ఉంటే పొడవు పెరుగుతుంది కాబట్టి మందం కూడా పెంచాలి.

ఇక మేము వదిలేసిన ఎర్త్ సంగతి. పెయింటు మీద బిగించిన ఆ బోల్టు దగ్గర నిరోధం 0.005 ఓములే అనుకుందాం. పేరుకు చాలా చిన్న అంకె. కానీ 400తో గుణిస్తే 2 వోల్టులు. వేడి 800 వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టె పుట్టించేంత వేడి ఒక్క బోల్టులో పుడుతుందన్నమాట! అంత భారానికి బ్యాటరీ కూడా సుమారు పదిన్నర వోల్టుల దాకా దిగిపోతుంది. అందులో ఎర్త్ దగ్గర 2, సన్నని పాజిటివ్ కేబుల్‌లో దాదాపు 1 పోతే, వించ్‌కు చేరేది ఏడున్నర. ఖాళీగా తిప్పినప్పుడు ఈ లోపం బయటపడదు. కరెంటు తక్కువ కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

బటన్ వదిలినా ఎందుకు ఆగలేదు?

చేతిలోని హ్యాండ్‌సెట్ గుండా 400 ఆంపియర్లు పోవు. బటన్ నొక్కితే కొద్దిపాటి కరెంటు కంట్రోల్ బాక్సులోని సొలినాయిడ్ చుట్టకు వెళుతుంది. చుట్ట అయస్కాంతమై, లోపలి మందమైన రాగి పలకలను కలుపుతుంది. పెద్ద కరెంటు ఆ పలకల గుండా మోటారుకు పోతుంది. బండి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

వోల్టేజి బాగా పడిపోతే చుట్టలోని అయస్కాంతానికి బలం చాలదు. పలకలు విడిపోతాయి. విడిపోగానే భారం తగ్గి వోల్టేజి పెరుగుతుంది, మళ్లీ అతుక్కుంటాయి. మేము విన్న టకటక చప్పుడు ఇదే. అలా కొట్టుకున్నప్పుడల్లా నిప్పు రవ్వలు లేచి, చివరికి రెండు పలకలూ వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతాయి. అప్పుడు బటన్ వదిలినా, ప్లగ్గు పీకినా లాభం లేదు. అంటే ఒక బోల్టు కింద గీకని పెయింటు, ఆగని వించ్‌గా మారింది. అందువల్ల ఎప్పుడైనా ఆ చప్పుడు వినిపిస్తే వెంటనే పని ఆపి, వైరింగ్ చూసుకోవాలి.

ఇంకొక ఆసక్తికరమైన సంగతి. తాడును చుట్టడానికి, విప్పడానికి మోటారు రెండు వైపులా తిరగాలి. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకైతే ప్లస్ మైనస్ తారుమారు చేస్తే చాలు. సిరీస్ మోటారుకు బ్యాటరీ తీగలు తారుమారు చేసినా అది అటే తిరుగుతుంది. ఎందుకంటే ఫీల్డ్ చుట్టలోనూ ఆర్మేచర్‌లోనూ దిశ ఒకేసారి మారిపోతుంది. ఫీల్డ్ చుట్ట దిశ ఒక్కటే మార్చాలి. కంట్రోల్ బాక్సు చేసేది ఆ పనే. కాబట్టి మోటారుకూ బాక్సుకూ మధ్య తీగలను కంపెనీ బొమ్మ ప్రకారం, రంగు చూసి, గుర్తు చూసి మాత్రమే కలపాలి.

కట్-ఆఫ్ స్విచ్ తప్పనిసరి

చాలా వించ్ కంపెనీలు పెద్ద కేబుల్‌కు ఫ్యూజు ఇవ్వవు. బండి గట్టిగా ఇరుక్కున్నప్పుడు కరెంటు ఒక్కసారి పైకి లేస్తుంది, సరిగ్గా అవసరమైన సమయానికే ఫ్యూజు పోతుంది. కనుక బ్యాటరీకి దగ్గరలో, పాజిటివ్ కేబుల్ మీద, చేతికి సులభంగా అందేలా కట్-ఆఫ్ స్విచ్ పెట్టాలి. వించ్ వాడనప్పుడు అది ఆఫ్‌లో ఉండాలి. అప్పుడు బండి ముందు గుద్దుకుని కేబుల్ నలిగినా మంటలు రావు. లోపల పలకలు అతుక్కుపోతే వించ్‌ను ఆపేది కూడా ఇదొక్కటే. బజారులో తక్కువ ధరకు దొరికే 100 ఆంపియర్ల స్విచ్ దీనికి పనికిరాదు. వించ్ పూర్తి కరెంటును తట్టుకునేది తీసుకోవాలి.

వైరింగ్ చేసే క్రమం

1. ఉంగరం, గడియారం తీసి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ ముందుగా ఊడదీయండి.

2. కేబుల్ చివర రాగి లగ్గులను క్రింపింగ్ యంత్రంతో గట్టిగా నొక్కించండి. సుత్తితో కొట్టి సరిపెట్టవద్దు. ఒక్క సోల్డరింగ్ మీదే ఆధారపడవద్దు. వేడికి సీసం మెత్తబడుతుంది, అదురుకు అంచు దగ్గర తీగ విరుగుతుంది. పైన హీట్ ష్రింక్ తొడుగు వేయండి.

3. కేబుల్‌ను సైలెన్సర్ పైపుకు, ఫ్యాన్‌కు, పదునైన రేకు అంచులకు దూరంగా తీసుకెళ్లండి. రేకు రంధ్రం గుండా పోవాల్సి వస్తే రబ్బరు గ్రొమెట్ వేయండి. పొడవునా కేబుల్ మీద గొట్టం తొడిగి, అక్కడక్కడ క్లిప్పులతో కట్టండి.

4. నెగటివ్ కేబుల్ కూడా పాజిటివ్ అంత మందంగానే ఉండాలి. దాన్ని నేరుగా బ్యాటరీ దాకా తీసుకురండి. బంపర్‌ను, బాడీని నమ్ముకోవద్దు. కొత్త బండ్లలో బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది. అలాంటి బండిలో ఎర్త్ ఎక్కడ బిగించాలో బండి పుస్తకం చూసి చేయండి.

5. మోటారు మీది బోల్టుకు కేబుల్ బిగించేటప్పుడు కింది నట్టును ఒక పానాతో పట్టుకుని, పై నట్టును ఇంకో పానాతో బిగించండి. లేకపోతే బోల్టు మొత్తం తిరిగి మోటారు లోపలి కనెక్షన్ తెగిపోతుంది.

6. బ్యాటరీ దగ్గర పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించండి. అప్పటిదాకా కట్-ఆఫ్ స్విచ్ ఆఫ్‌లోనే ఉండాలి.

పని అయ్యాక పరీక్ష

ఖాళీగా తిరిగితే పని అయిపోయినట్టు కాదు. మల్టీమీటరును డీసీ వోల్టులలో పెట్టి, ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొసను వించ్ ఎర్త్ బోల్టు మీద బిగించి, మనుషులు దూరంగా ఉండగా వించ్‌కు బరువు ఇవ్వండి. పూర్తి బరువు మీద కూడా ఆ మీటరు అర వోల్టు దాటకూడదు. పాజిటివ్ వైపు కూడా ఇలాగే చూడండి. దాటితే ఎక్కడో జాయింటు బాగాలేదని అర్థం. ఆంపియర్లు కొలవాలంటే డీసీ కొలిచే టాంగ్ టెస్టర్ కావాలి. ఇంటి ఏసీ కరెంటును మాత్రమే కొలిచేది పనికిరాదు. ఒక్క నిమిషం లాగి, స్విచ్ ఆఫ్ చేశాక జాయింట్లను జాగ్రత్తగా చేత్తో తాకి చూడండి. ఏ జాయింటు మిగతావాటికన్నా వేడిగా ఉంటే దాన్ని విప్పి మళ్లీ చేయండి.

బ్యాటరీ సంగతి

400 ఆంపియర్లతో ఒక్క నిమిషం లాగితే దాదాపు 6.7 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 80 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఆ నిమిషంలో ఇచ్చేది 1.3 మాత్రమే. మిగతాదంతా బ్యాటరీ నుంచే పోతుంది. అది తిరిగి నిండాలంటే ఇంజను కనీసం నాలుగైదు నిమిషాలు నడవాలి. అందుకే ఇంజను ఆన్‌లో ఉంచి, కొద్దికొద్దిగా లాగుతూ, మధ్యలో ఆగుతూ పని చేయాలి. మోటారు చల్లబడడానికి కూడా అదే మంచిది.

భారం తగ్గించే ఇంకో ఉపాయం గిలక. తాడును చెట్టుకు కట్టిన గిలక గుండా తిప్పి మళ్లీ బండికే తగిలిస్తే తాడు మీద భారం దాదాపు సగమవుతుంది. కరెంటు బాగా తగ్గుతుంది. వేగం కూడా సగమవుతుంది, కానీ తొందర ఏముంది?

వాడేటప్పుడు జాగ్రత్తలు

తోలు గ్లౌజులు లేకుండా ఇనుప తాడు పట్టుకోవద్దు. కొక్కేన్ని వేలితో కాకుండా దానికి కట్టిన పట్టీతో పట్టుకోండి. డ్రమ్ము మీద కనీసం ఐదు చుట్లు మిగిలి ఉండాలి, సింథటిక్ తాడైతే ఇంకా ఎక్కువ. బిగిసిన తాడు మీద బరువైన దుప్పటి గానీ గోనె గానీ వేయండి, తెగితే ఎగరకుండా ఉంటుంది. తాడును దాటవద్దు, దాని వరుసలో ఎవరినీ నిలబడనివ్వవద్దు. పిల్లలు చూడడానికి మూగుతారు, వాళ్లను ముందే దూరంగా పంపండి. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కనుక బంపర్ మార్చే ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోమని బండి యజమానికి చెప్పడం కూడా మన పనే.

చివరగా

తమ్ముళ్లూ, ఓమ్ నియమాన్ని మేము ఇదే హాస్టల్ వరండాలో, స్టడీ అవర్‌లో, రెండు మార్కుల కోసం బట్టీ పట్టాము. పరీక్షలో రాసి మరిచిపోయాము. ఆరేళ్ల తర్వాత అది కాలిన అరచేతిలో మళ్లీ కనిపించింది. మీరు అలా నేర్చుకోవద్దు. పుస్తకంలో చదివినది పనికి ఎక్కడ ఉపయోగపడుతుందో ఇప్పుడే మాస్టార్లను అడగండి. పదో తరగతి తప్పిన తమ్ముళ్లు కుంగిపోవద్దు. చేతి పని తక్కువది కాదు, కానీ లెక్క లేని చేతి పని ప్రమాదం. తెలియనప్పుడు తెలియదని చెప్పి ఆగడం నామోషీ కాదు. మేము ఆ సాయంత్రం ఆగి ఉంటే ఆ చెయ్యి కాలేది కాదు.

మా మేస్త్రీ అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ గుర్తే. ప్రతి బండికీ ఎర్త్ కేబుల్ బిగించాకే పాజిటివ్ కేబుల్ కోస్తాము. ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లు సెలవుల్లో మా షెడ్డుకు రండి. అన్నం మాతో తినవచ్చు, పానా పట్టడం మేము నేర్పుతాము. ఈ హాస్టల్ నుంచి వెళ్లినవాళ్లం మేము, తిరిగి రావడానికి మాకున్న దారి మీరే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నలు,
ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న పూర్వ విద్యార్థులు